అలివేణి కొంగున మూడు ముళ్ళు

అనగా అనగా, మన తాతల తాతలకి కూడా ఇంకా పాలపళ్ళు ఊడని కాలంలో, ఒక ఏటి ఒడ్డున వెదుళ్ళపాలెం అనే ఊరు ఉండేది. ఆ ఊళ్ళో వెదురు కోసి, చీల్చి, బుట్టలూ తట్టలూ చేటలూ అల్లి బతికేవాళ్ళు ఉండేవారు. వాళ్ళలో అలివేణి అని ఒక పిల్ల. పదిహేడేళ్ళది. వేళ్ళు చురుకు, కాళ్ళు అంతకన్నా చురుకు, నాలుక అన్నిటికన్నా చురుకు.

ఆ ఏడాది వానలు బాగా పడ్డాయి. పంటలు బాగా పండాయి. పంటలు పండితే బుట్టలు కావాలి కదా! అలివేణి అల్లిన బుట్టలన్నీ అల్లినవి అల్లినట్టే అమ్ముడుపోయాయి. ఆమె చేతికి తొలిసారిగా సొంత సంపాదన వచ్చింది. అక్షరాలా ముప్ఫై రూకలు!

దసరా ఇంకా నాలుగు రోజులుంది. ఆ రాజ్యంలో దసరా అంటే కానుకల పండుగ. పండుగ పొద్దున తలంట్లు పోసుకుని, ఇంట్లోవాళ్ళు ఒకరికొకరు కానుకలు ఇచ్చుకున్నాకే బూరెలు నోట పెట్టేవారు. అందుకోసమే ఏటికి అవతల, రాజధాని హేమవాటిలో, పెద్ద కానుకల సంత జరిగేది. ఈసారి ఆ సంతకి అలివేణి తన డబ్బుతో తాను వెళ్తోంది. ఆ సంబరానికి మూడు రోజులుగా ఆమెకి అన్నం సయించలేదు.

ఇంట్లో నాయనమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, అన్న భద్రుడు ఉన్నాడు. భద్రుడి భార్య ముత్యాలు ఉంది. వదినకి నెలలు నిండాయి. ఇవాళో రేపో అన్నట్టుంది.

వారం రోజులుగా అలివేణి చేతులు బుట్ట అల్లుతున్నా, కళ్ళు మాత్రం ఇంట్లోవాళ్ళ చుట్టూ తిరిగేవి. నాయనమ్మకి పళ్ళు లేవు. ఆకూ వక్కా అంటే ప్రాణం. నమలలేక, తలుపు సందులో పెట్టి వక్క చితక్కొట్టుకుని నోట్లో వేసుకునేది. నాన్న చలికాలమంతా వెదురు తోపు కాపలా కాసేవాడు. ఆయన గొంగళి ఎప్పుడో చిరిగి చిల్లులు పడింది. ఇక వదిన. గోడకి చేరగిలబడి, వాచిన కాళ్ళు చాపుకుని, ఒకనాడు తనలో తాను అనుకుంది.

"నేలంతా చెమ్మగా ఉంది. పుట్టేవాళ్ళని ఎక్కడ పడుకోబెట్టాలో ఏమో!"

అలివేణి ఆ మాట విననట్టే ఊరుకుంది. మనసులో మాత్రం దాచుకుంది.

సంతకి బయలుదేరే పొద్దున, ఆమె తన ముప్ఫై రూకల్నీ మూడు కుప్పలు చేసింది. కొంగున మూడు చోట్ల మూటకట్టి, ముళ్ళు జారకుండా నీళ్ళతో తడిపి మరీ బిగించింది. భద్రుడు చూసి పకపకా నవ్వాడు.

"ఏమే, పెళ్ళికి ముందే మూడు ముళ్ళు వేసుకున్నావా?"

"నవ్వకు అన్నా. మొదటి ముడిలో పదిహేను. అవి కానుకలకి. రెండో ముడిలో పది. అవి వచ్చే పంట కారుకి వెదురు కొనడానికి. మూడో ముడిలో అయిదు. అవి దారి ఖర్చుకీ, అనుకోకుండా వచ్చేవాటికీ."

"అనుకోకుండా ఏం వస్తాయే?"

"అది తెలిస్తే ముందే అనుకునేదాన్నిగా!"

భద్రుడి దగ్గర పాతిక రూకలున్నాయి. వాటిలో పది, కాన్పు ఖర్చుకని ముత్యాలు ఏడాదిగా కూడబెట్టినవి. మిగతా డబ్బుతో పాటే మొలలో దోపుకున్నాడు. గుమ్మం దాటుతుంటే ముత్యాలు పిలిచి చెప్పింది.

"ఇదిగో, నాకు కానుక లేకపోయినా ఫరవాలేదు. ఆ పదీ మాత్రం ముట్టుకోకండి. పక్క ఊరి నుంచి మంత్రసానిని తేవాలంటే బండి కట్టించాలి, మందులు కొనాలి."

"నేనంత తెలివి తక్కువవాడినా?" అన్నాడు భద్రుడు.

అన్నాచెల్లెళ్ళు పడవెక్కి ఏరు దాటారు. హేమవాటి సంతలో అడుగు పెట్టారు.

ఆహా, ఏం సంత! ఏం సంత! ఒక పక్క గాజుల గలగల. ఒక పక్క డోళ్ళ ఢమఢమ. ఒక పక్క జీళ్ళపాకం వాసన. అంబారీ కట్టిన ఏనుగు ఊగుతూ వస్తుంటే జనం రెండు పాయలై దారిచ్చారు. ఎటు చూసినా రంగులే. పసుపు పందిళ్ళు, ఎర్ర జెండాలు, నెమలీకల విసనకర్రలు. అలివేణి గుండె డోలుతో పాటే కొట్టుకుంది. కళ్ళు రెండే ఉన్నందుకు ఆమెకి ఆ రోజు నిజంగా కోపం వచ్చింది.

సంత నడిబొడ్డున, అన్నిటికన్నా ఎత్తైన పందిరి కింద, మకరందుడనే వర్తకుడి అంగడి ఉంది. పేరుకు తగ్గట్టే అతని మాటల్లో తేనె కారేది. అంగడి ముందు ఒక పంజరం, పంజరంలో ఒక చిలుక.

"రండి బాబూ, రండి!" అని పిలిచాడు మకరందుడు. "కొయ్య గుర్రాలు చూడండి. రెండు కొంటే మూడోది ఊరికే! రెండూ కలిపి ఆరే రూకలు!"

"ఊరికేనా!" అన్నాడు భద్రుడు. "పుట్టబోయే బిడ్డకి మూడు గుర్రాలు!" ఆరు రూకలూ అప్పటికే చేతిలో పోశాడు.

అలివేణి గుర్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "అయ్యా, ఒక్కటే కొంటే ఎంత?"

"ఒక్కటే అయితే రెండు రూకలు తల్లీ. నీ కోసం!"

"ఒకటి రెండైతే, మూడు ఆరు. ఆరూ మా అన్న దగ్గర తీసుకున్నారు. మరి ఊరికే ఇచ్చిన గుర్రం ఏది?"

మకరందుడు వినబడనట్టు గుర్రాల దుమ్ము దులిపాడు. భద్రుడు చెల్లెలి చెయ్యి పట్టి లాగాడు. "పండగ పూట లెక్కలేమిటే! రా!"

అంతలో అతని కళ్ళు జిగేలుమన్నాయి. పైన కొక్కానికి ఒక ముత్యాల హారం వేలాడుతోంది. ఒక్కటే హారం. ఎండ తగిలి పాలనురుగులా మెరుస్తోంది.

"ఇదే ఆఖరిది! ఇదే ఆఖరిది!" అని అరిచింది చిలుక.

"చూశారా బాబూ, నోరులేని పక్షికి కూడా తెలుసు" అన్నాడు మకరందుడు. "సాయంత్రం దాకా ఉండదు. అదుగో, ఆ మూల నిలబడ్డాయన ఇప్పటికే రెండుసార్లు చూసిపోయాడు. పద్దెనిమిది రూకలు. మీ ఇంటావిడ పేరేమన్నారు?"

"ముత్యాలు."

"ముత్యాలకి ముత్యాల హారం! ఇది దేవుడు కుదిర్చిన బేరం!"

"అన్నా, వద్దు" అంది అలివేణి. "పద్దెనిమిదంటే కాన్పు డబ్బు కూడా పోతుంది."

"కాన్పుకి ఇంకా రోజులున్నాయి. ఏదో ఒకటి చూసుకోవచ్చు. ఆఖరిదంటున్నాడు, వినబడలేదా?" అన్నాడు భద్రుడు. మూల నిలబడ్డాయన ఒక్క అడుగు ముందుకు వేశాడు. అంతే, భద్రుడు గబగబా మొలలోని మూట విప్పి డబ్బు పోసేశాడు. మిగిలిన ఒక్క రూకకీ జీళ్ళు కొనుక్కు తింటూ గారడీవాడి వైపు వెళ్ళిపోయాడు.

అలివేణి కూడా అంగడి దాటబోయింది. అప్పుడు మకరందుడు ఒక చీర మడత విప్పి గాలిలోకి విసిరాడు.

నెమలికంఠం రంగు పట్టు! జరీ అంచు! చీర గాలిలో తేలి, మెల్లగా వాలి, అలివేణి భుజం మీద పడింది. ఇంత మెత్తని దాన్ని ఆమె వేళ్ళు ఏనాడూ తాకలేదు. ఆ చీర కట్టుకుని వదిన పండుగనాడు పీట మీద కూర్చుంటే! వీధివీధంతా వచ్చి చూస్తే! 'ఎవరు కొన్నారమ్మా?' అని అడిగితే, 'మా ఆడపడుచు' అని వదిన చెబితే!

"ఎంతయ్యా?" అంది.

"ఇరవై రెండు."

"అంతా!"

మకరందుడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళకి వినబడేలా అన్నాడు. "మీ వదిన మీద ప్రేమ ఉందా, లేదా తల్లీ? ప్రేమ ఉన్నవాళ్ళు ధర అడుగుతారా?"

అలివేణి చెవులు వేడెక్కాయి. అందరూ తననే చూస్తున్నారు. వదిన మీద ప్రేమ లేదంటాడా? అమ్మ పోయాక తనకి తల దువ్విందెవరు, జ్వరం వస్తే పక్కన కూర్చున్నదెవరు? ఆమె ఆవేశంగా మొదటి ముడి విప్పింది. పదిహేను. చాలవు. రెండో ముడి మీద చెయ్యి వేసింది.

ముడి రాలేదు. తడిపి బిగించిన ముడాయె! గోటితో లాగింది. పంటితో కొరికింది. అయినా రాలేదు. ఆ కాస్త ఆలస్యంలో ఆమెకి వదిన మొహం కళ్ళ ముందు కనబడింది. చీర కట్టుకున్న మొహం కాదు. గోడకి చేరగిలబడి చెమ్మ నేల వైపు దిగులుగా చూస్తున్న మొహం.

'ఈ చీర మీద పసిబిడ్డని పడుకోబెడుతుందా?' అనుకుంది అలివేణి. 'నేను కొంటున్నది వదిన కోసమా, చూసి మెచ్చుకునే వీధి కోసమా?'

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. చీరని మడతపెట్టి, రెండు చేతులతో అందించింది.

"చీర చాలా బాగుందయ్యా. నేసిన చేతులకి దండం. కానీ మా వదినకి ఇప్పుడు కావలసింది ఇది కాదు."

ఒక అడుగు వేసింది. "ఇరవై!" అన్నాడు వెనక నుంచి మకరందుడు. రెండో అడుగు వేసింది. "పద్దెనిమిది!" మూడో అడుగు వేసింది. "పోనీ, పదిహేను!" మూడు అడుగులకి ఏడు రూకలు తగ్గాయి! అలివేణికి నవ్వాగలేదు. నవ్వుతూనే పరుగెత్తింది.

ఇక చూడాలి ఆమె హుషారు! ఇత్తడి వీధికి వెళ్ళి, ఆకూ వక్కా దంచుకునే బుల్లి రోలు, దానికి తగిన బుల్లి రోకలి ఎంచింది. అయిదు చెబితే నాలుగుకి తెచ్చింది. కంబళ్ళ వాళ్ళ దగ్గర మూడు గొంగళ్ళు ఎండకి ఎత్తి పట్టి చూసి, చిల్లు లేనిదీ బరువైనదీ ఏడు రూకలకి కొంది. చివరికి అడవి సరుకులమ్మే చోట రెండు కట్టల ఎర్ర రంగు పేము, అయిదు మువ్వలు, మూడు రూకలకి తీసుకుంది. ఆ పేముతో తన చేతులతోనే ఊయల అల్లాలి! నేలకి మూరెడు ఎత్తున ఊగే ఊయల!

మొదటి ముడిలో ఇంకా ఒక్క రూక మిగిలింది. అలివేణి దాన్ని అరచేతిలో ఎగరేసి పట్టుకుని, తిన్నగా రంగులరాట్నం దగ్గరికి వెళ్ళింది. పైకి లేచినప్పుడల్లా కేకలు వేసింది. పై నుంచి సంతంతా ముగ్గులా కనబడింది.

అదే పై నుంచి ఆమె ఏటిని కూడా చూసింది. పొద్దున నీలంగా ఉన్న ఏరు ఇప్పుడు ఎర్రగా, ఉబ్బి ఉంది!

కిందికి దిగేసరికి డప్పు మోగుతోంది. "కొండల్లో వాన పడింది! ఏరు పొంగుతోంది! చిన్న పడవలు ఆపేశాం! పెద్ద పడవ ఒక్కటే, ఒక్కసారే! మనిషికి రెండు రూకలు! శంఖం మూడుసార్లు ఊదేలోగా రేవుకి రావాలి! తప్పితే వరద తీసేదాకా ఇక్కడే!"

భద్రుడు జనంలోంచి తోసుకుంటూ వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అలివేణీ! నా దగ్గర చిల్లిగవ్వ లేదు! నాలుగు రోజులు ఇక్కడే ఉండిపోతే, అక్కడ ముత్యాలుకి నొప్పులొస్తే..."

"పడవకి నా దగ్గర ఉంది. నాన్నకీ నాయనమ్మకీ ఏం కొన్నావన్నా?"

వాళ్ళ మాటే భద్రుడికి గుర్తు రాలేదు. చేతిలోని హారాన్ని చూసుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

"కాన్పు డబ్బు కూడా పోసేశానే! ఏ మొహం పెట్టుకుని ఇంటికి రాను?"

దూరంగా మొదటి శంఖం వినబడింది.

"ఏడవడానికి పడవలో బోలెడంత చోటుంది. ఇప్పుడు పరుగెత్తు!" అంది అలివేణి.

ఇద్దరూ మకరందుడి అంగడికి పరుగెత్తారు. అక్కడ కొక్కానికి ఏం వేలాడుతోందో తెలుసా? ముత్యాల హారం! అచ్చం భద్రుడి చేతిలో ఉన్నలాంటిదే! దాని కింద ఒక ముసలాయన డబ్బు సంచీ విప్పుతున్నాడు.

"అయ్యా" అంది అలివేణి రొప్పుతూ, "మా అన్న కొన్నదే ఆఖరిదన్నారు. మరి ఇదెక్కడిది?"

"అది... అది దాని చెల్లెలు తల్లీ!" అన్నాడు మకరందుడు.

అప్పుడు చిలుక రెక్కలు టపటపలాడించింది. పొద్దుటి నుంచీ ఒక్కో హారం అమ్ముడైనప్పుడల్లా యజమాని లోపలికి తిరిగి ఏమంటున్నాడో అది శ్రద్ధగా నేర్చుకుంది.

"ఇదే ఆఖరిది! పెట్టెలోంచి ఇంకోటి తియ్యి! ఇదే ఆఖరిది! పెట్టెలోంచి ఇంకోటి తియ్యి!"

అంగడి ముందు జనం గొల్లుమన్నారు. ముసలాయన సంచీ మూసేశాడు. మకరందుడు పంజరం మీద గుడ్డ కప్పాడు. గుడ్డ కింద నుంచి కూడా చిలుక చెబుతూనే ఉంది.

"నేను పోట్లాటకి రాలేదయ్యా" అంది అలివేణి. "ఒక్క మాట చెప్పండి. ఇది ఆఖరిదే అయితే, అంత అరుదైన సరుకు మీకే తిరిగొస్తోంది, సంతోషంగా తీసుకోండి. ఆఖరిది కాదంటే, లేని మాట చెప్పి అమ్మారు, డబ్బు తిరిగివ్వండి. రెండిట్లో ఏదో మీరే తేల్చండి."

మకరందుడు అటు చూశాడు. జనం. ఇటు చూశాడు. జనం. రెండో శంఖం మోగింది.

"ఇచ్చెయ్యవయ్యా!" అంది గంప నెత్తిన పెట్టుకున్న ఒకామె. "ఇచ్చెయ్, ఇచ్చెయ్!" అన్నారందరూ.

పద్దెనిమిది రూకలూ భద్రుడి చేతికొచ్చాయి. అతను గుర్రాల్ని కూడా బయటికి తీయబోయాడు.

"వాటిని ఉంచు" అంది చెల్లెలు. "ఆరు అన్నాడు, ఆరే తీసుకున్నాడు. లెక్క చూసుకోనిది మనం."

మళ్ళీ పరుగు! నెత్తిన గొంగళి, చంకలో పేము కట్టలు, కొంగున రోలు! సందులు దాటి, పందిళ్ళు దాటి, రేవు మెట్లు రెండేసి చొప్పున దూకి, మూడో శంఖం మోగుతుండగా పడవలోకి ఉరికారు. భద్రుడు డబ్బు తీయబోతే అలివేణి చెయ్యి అడ్డం పెట్టింది.

"అది వదిన డబ్బు. ముట్టుకోకు. ఇలాంటి వాటికేగా నా మూడో ముడి!"

ముడి విప్పి నాలుగు రూకలు ఇచ్చింది. పడవ అలల మీద లేచింది, పడింది, లేచింది. తెడ్లవాళ్ళు హైలెస్సా అన్నారు, జనం హైలెస్సా అన్నారు. నీళ్ళు మొహాన కొట్టాయి. అలివేణి రోలుని పొట్టకి హత్తుకుని కూర్చుంది. పొద్దు వాలేలోగా సొంత ఊరి గట్టు పాదాలకి తగిలింది.

ఇంటికొచ్చాక భద్రుడు జరిగింది జరిగినట్టు ముత్యాలుకి చెప్పేశాడు. ఒక్క మాట దాచలేదు. ఆమె పది రూకలూ ఎంచి తీసుకుని, మూడు గుర్రాల్నీ వరసగా పెట్టి చూసి, కడుపు పట్టుకుని నవ్వింది.

ఆ తర్వాత రెండు రోజులూ భద్రుడు మాట తగ్గించి, ఇంట్లోవాళ్ళని చూడడం మొదలుపెట్టాడు. నాన్న చెప్పు తెగి నెలైందని అప్పుడు కనబడింది. ఊళ్ళోనే కొత్త జత కుట్టించాడు. నాయనమ్మకి లేత తమలపాకుల కట్ట తెచ్చాడు. పెరట్లో అలివేణి ఊయల అల్లుతుంటే, తను వెదురు చీల్చి దానికి కాళ్ళు అమర్చాడు.

పండుగ ముందునాడు తెల్లవారుతూనే ముత్యాలుకి నొప్పులొచ్చాయి. డబ్బు చేతిలో ఉంది కాబట్టి బండి వెంటనే కదిలింది. మంత్రసాని వేళకి వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఆడపిల్ల కేర్‌మంది!

దసరా పొద్దున ఆ ఇంట్లో సందడి చెప్పతరం కాదు. నాయనమ్మ ఇత్తడి రోట్లో లేత ఆకూ వక్కా టకటకా దంచి, నోరంతా ఎర్రగా పండించుకుని, వచ్చినవాళ్ళకల్లా నాలుక చాపి చూపించింది. నాన్న అంత ఎండలోనూ గొంగళి కప్పుకుని, కొత్త చెప్పులు వేసుకుని, వీధి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచొచ్చాడు. చెమటలు కారుతున్నా తీయనంటే తీయనన్నాడు. ముత్యాలు బిడ్డని ఎర్ర ఊయలలో పడుకోబెట్టి మెల్లగా ఊపింది. మువ్వలు గల్లుమన్నాయి. బిడ్డ కళ్ళు విప్పింది. ముత్యాలు ఆడపడుచుని దగ్గరకి లాక్కుని, ఆమె తల నిమురుతూ కూర్చుంది.

విన్నారుగా పిల్లలూ! ఎవరికి ఏది అవసరమో ముందే కనిపెట్టి, మనకున్నంతలో ప్రేమగా ఇచ్చేదే మంచి కానుక.